తొడుగు కుట్టిన రోజు

మే 12, సోమవారం

ఇవాళ కూడా పట్టిన పిండి చాలలేదు. పొద్దున ఎనిమిదికి మిల్లు ఆన్ చేస్తే భోజనానికి కూడా ఆపనివ్వలేదు మేడమ్. "అక్కా, ఇంకో రెండు బస్తాలు లాగించెయ్యండి, లారీ అతను గేటు దగ్గరే కూర్చున్నాడు" అంటూ పదిసార్లు వచ్చి నిలబడింది. మిల్లు ఆమెదే కాబట్టి నిలబడొచ్చు. నిలబడితే పిండి తొందరగా రాలుతుందా అని అడగాలనిపించింది, అడగలేదు.

మొన్న చలికాలం దాకా మేం పట్టింది పల్లీల పిండే. ఇరవై రెండేళ్ళు పట్టాను. ఇప్పుడు జనానికి పొద్దుతిరుగుడు గింజలు కావాలి, గుమ్మడి గింజలు కావాలి. ఒంటికి బలం ఇవ్వాలి, ఎవరికీ పడకపోవడమన్నది ఉండకూడదు. బేకరీల వాళ్ళు, బిస్కెట్ల వాళ్ళు, పిల్లల బడుల వాళ్ళు అందరిదీ అదే పాట. అందుకని మేడమ్ ఒక్కసారిగా పల్లీలు మానేసింది. మిల్లు మొత్తం విప్పించి కడిగించింది, రాళ్ళు మార్పించింది, గోడలకు రంగు వేయించింది. డబ్బా మీద 'పల్లీలు తాకని మిల్లు' అని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించింది. గేటు లోపలికి ఒక్క పల్లీ కూడా రాకూడదు. జేబులు కూడా తడిమి చూస్తారు.

మిషన్లు కడిగే ఆయన్ని మేమంతా నీళ్ళాయన అంటాం. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, అన్నయ్య అని పిలుస్తాను. నిన్నటిదాకా నన్ను పల్లీలక్క అనేవాడు, ఇప్పుడు గింజలక్కని చేశాడు. అందరికీ అదే అలవాటయింది.

ఇవన్నీ మా ఆయనతో చెప్పుకోవచ్చు. కానీ ఆయనకు సెలూన్ ఉంది. నేను పొద్దున అన్న మాట పది తలలు తిరిగి సాయంత్రానికి నా దగ్గరికే వస్తుంది. అందుకే మేడమ్ కొత్త సంవత్సరానికి ఇచ్చిన ఈ డైరీలో రాసుకుంటున్నాను.

పై వాటాలో టీచరమ్మ కూతురికి పల్లీలు పడవు. ఏడేళ్ళ పిల్ల. పొరపాటున తగిలితే చాలు, మొహం వాచిపోతుంది. ఏది పెట్టినా చేత్తో పట్టుకుని నా మొహంలోకి చూసి "నువ్వు చూశావా అమ్మమ్మా" అంటుంది. చూశానంటేనే తింటుంది. వాళ్ళమ్మ తినమన్నా సరే, మెట్లు దిగి వచ్చి మళ్ళీ నన్ను అడుగుతుంది. నాకు అది గర్వంగానే ఉంటుంది, దాచడం ఎందుకు.

మే 15, గురువారం

మిల్లు మూతికి కట్టే గుడ్డ తొడుగు కింద జానెడు చిరిగింది. డ్రమ్ములో పడాల్సిన పిండి నా చెప్పుల మీద పడుతోంది. కొత్తది కుట్టించి పంపడానికి వారం పడుతుందని మిషన్ కంపెనీ వాళ్ళు చెప్పేసరికి మేడమ్ మొహం వాడిపోయింది. వారం మిల్లు ఆపితే బేకరీల వాళ్ళు ఊరుకోరు.

"ఇలా ఇవ్వండి, రేపు పొద్దునకి తెస్తాను" అని మధ్యాహ్నమే ఇంటికి తెచ్చాను. ఇంట్లో పాత తొడుగు ఒకటుంది. పల్లీలు మానేసినప్పుడు పారేస్తుంటే, మంచి గుడ్డ కదా అని తెచ్చుకున్నాను. కుట్టుమిషన్ మీద కప్పుతున్నాను. దాని అంచు కత్తిరించి అతుకు వేశాను. అంచు మడత మూడు పొరలు, అట్టలా గట్టిగా ఉంది. ఆ గట్టితనం పోతుందని మడత విప్పకుండా అలాగే వేసి కుట్టాను. ఒకసారి నీళ్ళలో జాడించి ఆరేశాను.

మా ఆయన చూసి, "నీ చేతిలో పడితే రిటైరైన గుడ్డకి కూడా మళ్ళీ ఉద్యోగం దొరుకుతుంది" అన్నాడు.

కొత్తదానికైతే వారం ఆగాలి. నేను ఒక్క పూటలో చేశాను. ఇలాంటివి మిల్లు రిజిస్టరులో రాయరు. ఇక్కడైనా ఉండాలి.

మే 16, శుక్రవారం

తొడుగు కట్టాం. చిటికెడు పిండి కూడా బయట పడలేదు. మేడమ్ అందరిముందూ నా భుజం తట్టింది.

మే 27, మంగళవారం

ఆఫీసు అమ్మాయి సెలవు. ఫోన్ నేనే ఎత్తాను. ఎవరో ఒకావిడ. "మీ గింజల పొడి పాలల్లో కలిపి ఇచ్చానండీ, మా వాడు నాలుక దురదగా ఉందంటున్నాడు, పెదాలు ఎర్రబడ్డాయి" అంది. కొత్త రుచి కదమ్మా, అలవాటు కావాలి అన్నాను. ఇంకేదో అనబోయింది. లారీ హారన్ కొడుతోంది, ఉంటానమ్మా అని పెట్టేశాను.

జనం బలం కావాలంటారు, రెండు రోజులు ఓపిక పట్టమంటే పట్టరు.

మే 31, శనివారం

నిన్న పట్టిన డబ్బా ఒకటి పాపకి తెచ్చాను. టీచరమ్మ బజారులో దొరికేవి ఏవీ నమ్మదు. "మీరు దగ్గరుండి పట్టారు కాబట్టి తీసుకుంటున్నాను పిన్నిగారూ" అంది. పాప డబ్బా రెండు చేతులతో పట్టుకుని మామూలుగా అడగాల్సింది అడిగింది.

చూశాను అన్నాను.

జూన్ 2, సోమవారం

పాపను ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

జూన్ 3, మంగళవారం

నిన్న చెయ్యి ఆడలేదు. ఇవాళైనా రాయాలి, లేకపోతే బుర్రలో అదే తిరుగుతూ ఉంటుంది.

సాయంత్రం ఐదున్నర. నేను మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. పైన కుర్చీ పడిన చప్పుడు. తర్వాత టీచరమ్మ కేక. ఆమె గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. పరుగెత్తాను. పాప నేల మీద కూర్చుని గొంతు పట్టుకుని ఉంది. మొహం పాప మొహంలా లేదు, కళ్ళు కనపడనంతగా వాచిపోయింది. ఊపిరి తీసుకుంటుంటే ఈల వేసినట్టు చప్పుడు. టీచరమ్మ తొడలో పొడిచే ఇంజెక్షన్ తీసి పొడిచింది. ఐదు నిమిషాల తర్వాత ఇంకొకటి పొడిచింది. అంబులెన్సు వచ్చేలోపే పాప పెదాలు నీలంగా మారాయి.

బల్ల మీద పాల గ్లాసు. పక్కనే మా డబ్బా, మూత తీసి ఉంది.

నేను పాప చెప్పులు చేత్తో పట్టుకుని అంబులెన్సు దాకా వెళ్ళాను. ఎందుకు పట్టుకున్నానో తెలియదు. అవి ఇంకా మా గుమ్మం దగ్గరే ఉన్నాయి.

డబ్బాలో ఏమీ ఉండదు. నేను రోజూ చూస్తాను. గేటు దగ్గర జేబులు తడుముతారు. మిల్లు నా కళ్ళముందే కడుగుతారు. ఆ పిల్ల బడిలో ఏదో తిని ఉంటుంది. గొంతులో గొట్టం వేశారట. గుండె రెండు నిమిషాలు ఆగి మళ్ళీ కొట్టుకుందట. ఎప్పుడు కళ్ళు తెరుస్తుందో డాక్టర్లు చెప్పలేదు.

నేను రోజూ చూస్తాను.

జూన్ 4, బుధవారం

డబ్బాలో పల్లీలు ఉన్నాయట. పరీక్ష చేశారు.

మిల్లు ఆపేశారు. ఇద్దరు అధికారులు వచ్చి మిల్లు లోపల, మూతి దగ్గర, డ్రమ్ములో, గరిటెలో, ఇనుము ఎక్కడుంటే అక్కడల్లా దూదిపుల్లలతో తుడిచి చూశారు. అవన్నీ రోజూ కడిగేవే, ఎక్కడా ఏమీ లేదు. చూశారా, మిల్లు శుభ్రంగానే ఉంది అన్నాను గట్టిగానే. "మరి డబ్బాలోకి ఎక్కడినుంచి వచ్చిందమ్మా" అన్నాడు అందులో పెద్దాయన.

జూన్ 5, గురువారం

నీళ్ళాయన చొక్కా జేబులో పల్లీల పొట్టు దొరికింది.

బస్సు కోసం నిలబడినప్పుడు గేటు బయట తింటానని ఒప్పుకున్నాడు. "లోపలికి ఎప్పుడూ తేలేదమ్మా, చేతులు కడుక్కునే వస్తాను" అన్నాడు మేడమ్‌తో. మొన్న శుక్రవారం డబ్బాలు నింపే అమ్మాయి రాకపోతే ఆయనే నింపాడు. పాపకి వచ్చింది ఆ శుక్రవారం డబ్బానే. లెక్క సరిపోయింది. శుక్రవారం డబ్బాలు మాత్రం వెనక్కి తెప్పిస్తున్నారు, నూట ఎనభై. మిగతావాటికి భయం లేదన్నారు.

ఆయన్ని పనిలోంచి తీసేసే కాగితం మీద సాక్షి సంతకం నేను పెట్టాను. పిండి గది నాది కాబట్టి నేనే పెట్టాలి. నీళ్ళాయన ఆ వెనకే నిలబడి ఉన్నాడని తెలుసు. నేను తల ఎత్తలేదు. ముప్పై ఏళ్ళ పని, ఒక కాగితంతో ఇంటికి పంపేశారు.

పొట్టు ఆయన జేబులోనే కదా దొరికింది. నేను పెట్టలేదు కదా.

జూన్ 6, శుక్రవారం

పాప కళ్ళు తెరవలేదు.

జూన్ 7, శనివారం

గుడ్డ సామానంతా కాల్చెయ్యమన్నారు, మళ్ళీ అన్నీ కొత్తవే. అధికారులు గుడ్డను తుడిచి చూడలేదు. తొడుగు విప్పుతుంటే మిల్లు మెకానిక్ "నేను పొయ్యిలో పడేస్తాను, ఇవ్వండి" అన్నాడు. నేను కాలుస్తాలే అని సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికి ఎందుకు తెచ్చానో తెలియదు. కాల్చడానికే.

కుట్టుమిషన్ పక్కన పెట్టాను. వంట చేశాను. మా ఆయన అన్నం బాగా ఉడికిపోయింది అన్నాడు. రేపు కాలుస్తాను.

శుక్రవారం ఒక్క రోజువే వెనక్కి తెప్పిస్తున్నారు. అంతకుముందు వాటిలో ఏమీ లేదు కాబట్టే కదా. ఏమైనా ఉంటే ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్ళు కదా.

ఒకావిడ చేసింది.

జూన్ 8, ఆదివారం

ఇది నేను నిదానంగా రాయాలి.

పొద్దున పదకొండింటికి కిటికీ దగ్గర కూర్చుని తొడుగు ఒళ్ళో వేసుకున్నాను. నా అతుకు ఒక పక్క కుట్టు వదులైంది. మిల్లు అదురుకి దారం తెగింది. మడత నోరు తెరుచుకుని ఉంది. బ్లేడు తెచ్చి మిగతా కుట్టు కూడా విప్పాను. మూడు పొరల మడత తెరిచాను.

పొడి రాలింది. నా నల్ల చీర మీద లేత గోధుమ రంగులో రాలింది. గట్టిపడిన పెచ్చులు కూడా ఉన్నాయి. గోరుతో గీకితే ఇంకా వచ్చింది. ఇరవై రెండేళ్ళు పీల్చిన వాసన అది, కళ్ళు మూసుకున్నా చెప్పగలను.

అయినా నమ్మలేదు. మా ఆయన్ని పిలిచి, ఇది వాసన చూడు అన్నాను.

"పల్లీలు. ఏంటి, చట్నీ చేస్తున్నావా" అన్నాడు.

చీర మీద పొడి అలాగే ఉంది, దులపడానికి కూడా భయం వేసింది. నా మొహం చూసి ఆయన కింద కూర్చుండిపోయాడు. నేను చెప్పాను. అంచు సంగతి, మడత సంగతి, ఒక్కసారి జాడించిన సంగతి. మా పెళ్ళయ్యాక ఆయన అంతసేపు నోరు మూసుకుని ఉండడం ఇదే మొదలు.

గేటు దగ్గర జేబులు తడమమని కాపలా వాళ్ళకు చెప్పింది నేనే. ఒక్క పల్లీ దొరికినా అరిచింది నేనే. పల్లీ అంటే నాకు కంటికి కనపడే గింజ. గుడ్డ పల్లీ అవుతుందని నాకు తోచలేదు. తోచలేదు అని రాస్తున్నాను కానీ, మంగళవారం నుంచి నేను ఆ తొడుగు వైపు చూడకుండానే దాని పక్కనుంచి నడిచాను. తోచనివాళ్ళు అలా నడవరు.

"ఇది ఎవరికీ తెలియదు కదా" అన్నాడు మా ఆయన ఆఖరికి. అడిగాడో చెప్పాడో అర్థం కాలేదు.

తెలియదు. కాల్చేస్తే అయిపోతుంది. నీళ్ళాయన జేబులో పొట్టు ఉంది, నా సంతకం ఉంది. శుక్రవారం డబ్బాలు వచ్చేస్తాయి. మిగతావి జనం వంటింట్లో ఉంటాయి. ఆ వంటింట్లో ఎవరి పిల్లో పాలు తాగుతుంది.

ఈ డైరీలో మే 15 పేజీ చదివాను. చింపేద్దామని పట్టుకున్నాను కూడా.

జూన్ 9, సోమవారం

మేడమ్ బల్ల మీద తొడుగు పెట్టాను. విప్పిన మడత చూపించాను. మెకానిక్ కూడా ఉన్నాడు.

చెప్పడం మూడు నిమిషాల్లో అయిపోయింది. మేడమ్ మొదట నవ్వబోయింది, నేను వేళాకోళం చేస్తున్నాననుకుంది. తర్వాత మడతలోకి వంగి చూసి వెంటనే కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ఇది ఎప్పుడు కుట్టారక్కా?"

మే నెలలో అన్నాను.

"మేలో ఏ రోజు? మొదట్లోనా, చివర్లోనా? ఏ రోజునుంచి డబ్బాలు వెనక్కి పిలవాలో నాకు తెలియాలి."

మెకానిక్ రిజిస్టరు తిప్పాడు. అందులో ఏమీ లేదు. నేను కుట్టడం ఎవరూ రాయలేదు. మేడమ్‌కి గుర్తు లేదు. వారం అటో ఇటో అయితే వందల డబ్బాలు తేడా. నేను సంచిలోంచి ఈ డైరీ తీసి ఆ పేజీ తెరిచి ఇచ్చాను.

మనసులోనే చదువుకుంటుందనుకున్నాను. మెకానిక్ రాసుకోవాలని పైకి చదివింది. రిటైరైన గుడ్డ మాట కూడా చదివింది. "కొత్తదానికైతే వారం ఆగాలి. నేను ఒక్క పూటలో చేశాను" అని చదివి ఆగింది. కళ్ళు తుడుచుకుంది. ఆఖరి రెండు మాటలు చదవకుండానే డైరీ మూసి నాకిచ్చింది.

మే 16 నుంచి పట్టినవన్నీ. రెండు వేల ఏడు వందల డబ్బాలు.

జూన్ 10, మంగళవారం

పొద్దున్నుంచి ఫోన్లే. నేను, ఆఫీసు అమ్మాయి, మేడమ్ తలా ఒక లిస్టు పట్టుకున్నాం. అమ్మా, ఆ డబ్బా తెరవకండి, తెరిస్తే పెట్టకండి. ఎంతమంది పిల్లలకు పల్లీలు పడవో ఇవాళే తెలిసింది. ఒకాయన ఆ పొడితో మనవరాలికి కేకు చేసి ఫ్రిజ్‌లో పెట్టానన్నాడు. నేను పెట్టకండి అంటుండగానే ఫోన్ కింద పెట్టి పరుగెత్తిన చప్పుడు వినపడింది. తిరిగి వచ్చి "ఇంకా కొయ్యలేదమ్మా" అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి ఒక నంబరు కలిసింది. నా గొంతు వినగానే ఆవిడ గుర్తుపట్టింది.

"మొన్న మీకే కదా చెప్పాను. అలవాటవుతుందన్నారు. నేను మళ్ళీ రెండు రోజులు పెట్టాను."

బాబు ఎలా ఉన్నాడని అడిగాను. బాగానే ఉన్నాడట. వాడే తాగనని మొండికేసి గ్లాసు విసిరేశాడట. అందుకు దెబ్బ కూడా తిన్నాడట.

అలా విసరబట్టే వాడు బతికాడు. వాడికి ఉన్న తెలివి నాకు లేకపోయింది.

జూన్ 11, బుధవారం

నీళ్ళాయన ఇంటికి వెళ్ళాను. మేడమ్ పొద్దునే ఫోన్ చేసి పనిలోకి రమ్మందట. వదినగారు తలుపు తీసి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కుళాయి బాగు చేసుకుంటున్నాడు. ఎక్కడున్నా నీళ్ళతోనే పని.

అన్నయ్యా, తప్పు నాది అన్నాను.

"పొట్టు నా జేబులో ఉన్నమాట నిజమే. అందుకే నేనేమోనని నాకే అనుమానం వచ్చింది. ఆరు రోజులు అన్నం దిగలేదు, పసిపిల్లను నేనే చంపేస్తున్నానేమో అని" అన్నాడు. కుళాయి తిప్పి చూశాడు, ఇంకా కారుతోంది. "సంతకం పెట్టేటప్పుడు ఒక్కసారి నా వైపు చూస్తావనుకున్నాను. చూడలేదు నువ్వు."

గింజలక్కా అనలేదు.

జూన్ 12, గురువారం

కళ్ళు తెరిచింది. గొట్టం తీసేశారు. మాట తడబడుతోందట, కానీ వాళ్ళమ్మను గుర్తుపట్టింది. మా ఆయన సెలూన్ మధ్యలో వదిలేసి, ఎవరికో సగం గడ్డం అలాగే ఉంచి, ఇంటికి పరుగెత్తుకొచ్చి చెప్పాడు. ఇద్దరం ఏడ్చాం.

జూన్ 14, శనివారం

టీచరమ్మకు చెప్పాను. ఆస్పత్రి వరండాలో, బెంచీ మీద. అప్పటిదాకా ఆమె మిల్లునే తిట్టుకుంటోంది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా చెయ్యి పట్టుకునే తిట్టుకుంటోంది. చెప్పాక చెయ్యి తీసేసింది.

"మీరు పట్టారు కాబట్టి తీసుకున్నాను" అంది.

అవునమ్మా అన్నాను.

"మీరు ఇప్పుడు ఇంటికి వెళ్ళండి పిన్నిగారూ."

పిన్నిగారూ అనే అంది. దారంతా అదే తలుచుకున్నాను.

జూన్ 16, సోమవారం

మిల్లు మళ్ళీ నడుస్తోంది. గుడ్డ తొడుగు తీసేసి ఇనుప గొట్టం పెట్టారు. మేడమ్ నన్ను మానిపించలేదు. మిల్లు కడిగారని రాసే కాగితం మీద సంతకం మాత్రం ఇకనుంచి మెకానిక్ పెడతాడు. మంచిదే. నాకు ఇప్పుడు నా కళ్ళ మీద నమ్మకం లేదు. నీళ్ళాయన వచ్చాడు, పని చేసుకుని వెళ్ళాడు.

జూన్ 22, ఆదివారం

పాప నిన్న ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. ఇవాళ సాయంత్రం వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా దిగి, మా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంది. టీచరమ్మ పైకి వెళ్ళలేదు, నాలుగు మెట్ల పైన నిలబడింది. నేను ఆ చెప్పులు తెచ్చి పాప ముందు పెట్టాను. తొడుక్కుంది.

మా ఆయన యాపిల్ పండు తెచ్చాడు. నేను కత్తి సబ్బుతో మూడుసార్లు కడిగాను, పళ్ళెం కడిగాను, చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను. ముక్కలు కోసి పాపకు అందించాను.

ఒక ముక్క తీసుకుంది. అలవాటు ప్రకారం తల ఎత్తి నా మొహంలోకి చూసింది. ఈసారి ఏం చెప్పాలో నేను లోపల కూడబలుక్కుని ఉన్నాను.

పాప నా మొహం కాసేపు చూసి, తల వెనక్కి తిప్పింది.

"అమ్మా, నువ్వు చూశావా?"

టీచరమ్మ కిందికి దిగి వచ్చింది. పాప చేతిలోంచి ముక్క తీసుకుంది, పళ్ళెం తీసుకుని పైకి వెళ్ళింది. పైన కుళాయి చప్పుడు వినపడింది. తర్వాత ఇంకో యాపిల్ కోసి, వాళ్ళ పళ్ళెంలో తెచ్చింది. పాప తింది. నేను పక్కనే కూర్చుని అన్ని ముక్కలూ అయిపోయేదాకా చూశాను.